దివిసీమలో రెండో బస్తా

కదిరికి తిరిగొచ్చాక మా వీధిలో అందరూ అడిగింది ఒకటే, బందరు లడ్డు తెచ్చావా అని. తెచ్చాను. నెయ్యి ఓడుతున్న డబ్బా తెరిచి తలా ఒకటి పెట్టాను, బాగుందన్నారు. ప్రయాణం ఎలా జరిగిందని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే గడగడా చెప్పేసి మర్చిపోయేదాన్నేమో. అడగలేదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. కృష్ణా డెల్టా చివరి అంచు చూడనివాళ్ళు మా వైపు చాలామంది ఉన్నారు. వాళ్ళకి అక్కడి కాలవల గురించి, తిండి గురించి, మనుషుల గురించి కాస్త చెప్తాను. మిగతాదంతా నా నోటి గురించే.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. అప్పటినుంచీ ఇస్లాం తొలి రోజుల్లో జకాత్, అంటే ఉన్నవాళ్ళు తప్పక ఇవ్వాల్సిన పేదల వాటా, ఎలా వసూలయ్యేది, బైతుల్‌మాల్ అనే ప్రజల ఖజానా ఎలా నడిచేది అన్న విషయాలు చదువుకుంటున్నాను. పిలిచిన చోటల్లా వెళ్ళి మాట్లాడతాను. పిలవని చోట కూడా మాట్లాడతానని మా ఆయన ఫిర్యాదు. ఈసారి బందరులో ఒక మొహల్లా ఆడవాళ్ళు పిలిచారు. బి.ఎడ్.లో నాతో చదివిన నసీమా గుడివాడలో ఉంటుంది. ముందు దాని దగ్గర దిగి, ఇద్దరం కలిసి బందరు వెళ్ళి, అట్నుంచి అటే దివిసీమలో ఉన్న వాళ్ళ తమ్ముడి ఊరు చూసి రావాలని అనుకున్నాం. డిసెంబరు నెల, వరి కోతలు సాగుతున్నాయి.

గుడివాడ

మా వైపు నీళ్ళు కనబడితే రైల్లో పిల్లల్ని లేపి చూపిస్తాం. ఇక్కడ నీళ్ళు లేని చోటు ఎక్కడుందా అని నేను కిటికీలోంచి వెతికాను. ఒక పక్క వరి, ఇంకో పక్క చేపల చెరువులు, మధ్యలో రోడ్డు. చెరువు గట్ల మీద కొబ్బరి చెట్లు. ఇంత నీళ్ళ మధ్య పుట్టినవాళ్ళకి కరువు మాట ఎలా అర్థమవుతుందా అని అనుకున్నాను. తొందరపడి అనుకున్నానని తర్వాత తెలిసింది.

నసీమా స్టేషనుకి వచ్చింది. టిఫిన్ అక్కడే తిందామని బండి దగ్గర పెసరట్టు పెట్టించింది. అల్లం పచ్చడి తియ్యగా ఉంది. నేను మొహం చిట్లిస్తే బండి ఆయన నవ్వి, "మీది సీమ గదండీ, మాటలోనే తెలిసిపోయింది. కారప్పొడి వెయ్యమంటారా?" అన్నాడు. వేయించుకున్నాను. మా కదిరిలో ఆ డబ్బులకి కడుపు నిండా తిని టీ కూడా తాగొచ్చు. ఆ మాట పైకి అంటే, "అక్కడ పెసలు చవకేమోనండీ" అని నెమ్మదిగా అన్నాడు. మాట పడని మనిషి.

మర్నాడు పొద్దున్నే లేచి, నసీమాకి శ్రమ తగ్గిద్దామని నేనే అన్నం వండాను. వంటింటి గూట్లో చిన్న స్టీలు డబ్బా ఉంటే అందులోంచి బియ్యం తీశాను. నసీమా వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేస్తుందట. శుక్రవారం శుక్రవారం మసీదుకి పంపిస్తుందట. వాళ్ళమ్మ నేర్పిన అలవాటు. అంటే నేను వారం రోజుల దానాన్ని పొయ్యి మీద పెట్టేశాను. "పోన్లేవే, ఆకలైన మనిషే గదా తినేది" అని నవ్వి, బస్తాలోంచి ఆ డబ్బా నిండా పోసి పైన ఇంకో రెండు పిడికిళ్ళు వేసింది. మా ఇంట్లో జకాత్ అంటే రంజాను నెలలో బ్యాంకు పుస్తకం, నగల డబ్బా ముందు పెట్టుకుని కూర్చోవడమే. రోజూ పొయ్యి దగ్గర గుర్తుకొచ్చే దానం మాకు లేదు. అది నాకు బాగా నచ్చింది.

బందరు

బందరు రైల్లో పెడనలో ఒకావిడ ఎక్కింది. కలంకారీ అద్దకం బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని మా ఎదురుగా కూర్చుంది. నసీమాకి ఒక దుపట్టా, నాకు ఒక దుపట్టా అమ్మేదాకా ఊరుకోలేదు. బేరం ఆడితే, "చేత్తో అద్దింది తల్లీ, మిషను వేసింది కాదు" అని దుపట్టా వెనక వైపు తిప్పి చూపించింది. ఏ పని మీద వెళ్తున్నారని అడిగింది. ఖజానా గురించి మాట్లాడటానికి అన్నాను.

"ఎవరి ఖజానా అండీ?"

"అందరిదీ."

"అందరిదీ అయితే తాళం ఎవరి దగ్గరుంటదండీ?"

ఇన్నేళ్ళ చదువులో అంత సూటి ప్రశ్న నాకు తగల్లేదు. ఆ సాయంత్రం నా ఉపన్యాసం ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను.

మీటింగు ఒక ఇంటి మేడ మీద. ముందు వరసలో ముసలివాళ్ళు, వెనక పిల్లల తల్లులు. తాళం సంగతి చెప్పాను. మొదట్లో తాళం అవసరమే పడలేదని, వచ్చింది వచ్చినట్టు పంచేసేవారని, తర్వాత రాజ్యం పెరిగాక ఖజానా ఏర్పడిందని చెప్పాను. ఏ ప్రాంతంలో వసూలైన జకాత్ ఆ ప్రాంతంలోని పేదలకే ముందు చెందేదని చెప్పాను. రెండో ఖలీఫా కాలం నాటి పాల కథ కూడా చెప్పాను. పాలు మానిన పిల్లలకే ఖజానా నుంచి భత్యం అని ఒక నియమం ఉండేది. ఆ భత్యం కోసం తల్లులు పిల్లలకు ముందే పాలు మానిపిస్తున్నారని ఆయనకు తెలిసింది. ఒక పసిబిడ్డ ఏడుపు విని ఆరా తీస్తే బయటపడిందట. ఆయన చాలా బాధపడి, పుట్టిన ప్రతి బిడ్డకీ భత్యం అని నియమం మార్చాడు. వెనక వరసలో ఒకమ్మాయి తన బిడ్డని గట్టిగా దగ్గరికి తీసుకుంది.

తర్వాత ప్రశ్నలు. సొంతిల్లు ఉన్నవాళ్ళు జకాత్ తీసుకోవచ్చా, కోడలికి ఇవ్వచ్చా, అప్పున్నవాడు ఇవ్వాలా. అడగడమే ఆలస్యం, నా దగ్గర జవాబు సిద్ధం. అందరూ తలలూపుతుంటే ఎంత సంతోషంగా ఉంటుందో దాచను. వెళ్ళేటప్పుడు ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "మీకు అన్నీ తెలుసు టీచరు గారూ" అంది. లడ్డు డబ్బా ఆమే కొనిపెట్టింది. ఆ మాట మర్నాటి బస్సులో కూడా నాకు తియ్యగా వినబడుతూనే ఉంది.

పులిగడ్డ మీదుగా

చల్లపల్లి, మోపిదేవి దాటాక కృష్ణ రెండుగా చీలిపోతుంది. ఆ రెండు పాయల మధ్య ఉన్నదే దివిసీమ. పులిగడ్డ దగ్గర నది మీదుగా వంతెన కట్టి దాని మీదుగా కాలవని దాటించారు. కింద నది, పైన కాలవ. ఆ కాలవ నీళ్ళే దివిసీమంతా తడుపుతాయి. నది చుట్టూ ఉన్నా దాని నీళ్ళు చివర్లో ఉప్పు తగులుతాయని, అందుకే ఎక్కడో పైన బ్యారేజీ నుంచి వచ్చే కాలవే దిక్కని నసీమా చెప్పింది.

అవనిగడ్డలో ఒక మెస్సులో భోజనం చేశాం. అన్నం ఎంత అడిగితే అంత. చేపల పులుసు విడిగా తీసుకున్నాం, చింతపండు పులుపు దండిగా, నాలుగు రకాల మసాలా లేకుండా. మా వైపు పులుసు దీని ముందు నిలవదు. వడ్డించే ఆవిడ మాటిమాటికీ వచ్చి, "ఇంకాస్త వేసుకోండమ్మా, సిగ్గుపడమాకండి" అంటూ ఉంది. నేను సిగ్గుపడే రకం కాదని నసీమా ఆవిడకి చెప్పింది.

కోడూరు దాటాక నసీమా తమ్ముడి ఊరు. ఊరి పేరు రాయను. ఆటో కాలవ గట్టు మీదే వెళ్ళింది. పులిగడ్డ దగ్గర నిండుగా చూసిన కాలవ ఇక్కడికొచ్చేసరికి గుర్రపుడెక్క పట్టి, మధ్యలో పిల్లలు దిగి ఆడుకునేంతగా ఎండి ఉంది. గుడివాడ వస్తూ రైల్లో నేను అనుకున్న మాట గుర్తొచ్చి నోరు మెదపలేదు. కాసేపే.

కళ్ళం

నసీమా తమ్ముడు మస్తాన్ కౌలు రైతు. నలభై దాటి ఉంటాడు. మనిషి సన్నగా, మాట సరదాగా ఉంటాడు. మేం వెళ్ళేసరికి కుప్ప కొట్టడం అయిపోయింది, కళ్ళంలో వడ్లు రాశి పోసి ఉన్నాయి. కౌలు బస్తాలు ఒక పక్క వేసి ఉన్నాయి. ఇంకో పక్క కొద్ది బస్తాలు విడిగా ఉన్నాయి. అవి ఉష్ర్ బస్తాలు, అంటే పంట మీద ఇవ్వాల్సిన జకాత్. మా ఊళ్ళో దాన్ని నోట్లలోనే చూశాను. ఇలా వడ్ల రూపంలో, ధూళి వాసనతో చూడటం అదే మొదలు. మా పుస్తకాల్లో వసూలుదారు పొలానికే వచ్చి అక్కడే పేదలకు పంచి వెళ్ళేవాడని చదివిన దృశ్యం కళ్ళ ముందు కనబడినట్టయింది. అంత సంబరం ఎందుకు పడ్డానో చదివేవాళ్ళకి చెప్పాలి, ఆ సంబరమే నన్ను మాట్లాడించింది.

అప్పుడే ఒకావిడ బస్తాలకి మార్పుగా ఇవ్వడానికి రెండు ఖాళీ గోతాలు చంకలో పెట్టుకుని వచ్చింది. అరవై దాటిన మనిషి, కొంగు నిండుగా కప్పుకుని నిటారుగా నడుస్తుంది. "ఖాసింబీ పెద్దమ్మ" అని నసీమా చెవిలో చెప్పింది. భర్త అవనిగడ్డలో బట్టలు కుట్టేవాడు, పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. ఊళ్ళో ఎవరు ఏం పెట్టినా తీసుకోదు. పక్కింటి పల్లెకారులు వేట నుంచి వచ్చి రెండు చేపలు ఇవ్వబోయినా తలుపు దగ్గరే వద్దంటుంది. ఈ ఉష్ర్ బస్తాలు రెండు మాత్రం ఏటా తనే వచ్చి తీసుకెళ్తుంది. వాటితోనే ఏడాది గడుపుతుంది. "అది మస్తాన్ ఇచ్చేది కాదే, దేవుడు రాసిన నా వాటా. వీడి దగ్గర ఉందంతే" అంటుందట. నసీమా ఇది నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. హక్కు అన్న మాట గురించి బందరులో అరగంట మాట్లాడినదాన్ని నేను.

ఖాసింబీ వచ్చీ రావడంతోనే చేట అందుకుని, రాశి అంచుల్లో చెదిరిన గింజలు ఊడ్చి చెరగడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పని పని. నేను మస్తాన్‌తో కబుర్లలో పడ్డాను.

"కాలవ బాగానే వస్తుందా మస్తాన్?"

"ఎక్కడక్కా. ఈ ఏడు నాట్లప్పుడు ఒక్క తడి వచ్చింది. తర్వాత మా దాకా రాలేదండి. డ్రెయిన్లో ఇంజను పెట్టి తోడుకున్నాం. డీజిలుకే ప్రాణం పోయింది."

"మరి ఉష్ర్ ఎంత తీశావు?"

"పదో వంతక్కా. మా నాన్నప్పట్నుంచీ అంతే."

ఇక్కడ నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు. పైగా వాడికి మేలు చేస్తున్నాననుకున్నాను. అప్పుల్లో ఉన్న మనిషి, డీజిలుకి ఖర్చుపెట్టిన మనిషి, వాడికి ఒక మంచి కబురు చెప్తున్నాననుకున్నాను. తొలి రోజుల నుంచీ ఉన్న నియమం ఇదీ అని క్లాసులో చెప్పినట్టు చెప్పాను. వానతోనూ నదితోనూ దానంతటది తడిసిన పంట మీద పదో వంతు. మనిషి కష్టపడి తోడి పోసిన పంట మీద అందులో సగం, ఇరవయ్యో వంతు. అప్పుడు ఒంటెలతో తోడేవాళ్ళు, ఇప్పుడు నీ ఇంజను. మా కదిరిలో అన్నీ బోర్లే, అందరూ ఇరవయ్యో వంతే ఇస్తారు అన్నాను.

మస్తాన్ నవ్వాడు. "అయితే ఇంజనుకి దేవుడు తగ్గింపు ఇచ్చాడన్నమాట. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదక్కా."

చేట చప్పుడు ఆగిపోయింది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి ఖాసింబీ లేచి నిలబడి ఉంది.

"అయితే ఈ ఏడు నాది ఒక బస్తాయేనాండీ?" అని నన్నే అడిగింది.

మస్తాన్ వెంటనే, "అదేం లేదు పెద్దమ్మా, ఎప్పట్లాగే రెండూ నీవే. ఎక్కువ ఇస్తే తప్పేం లేదు గదక్కా?" అన్నాడు.

తప్పేం లేదన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "మిగతాది నీ ఇష్టంతో ఇచ్చిన సదఖా అవుతుంది, ఇంకా పుణ్యం" అని కలిపాను.

ఖాసింబీ ఒక గోతాం విప్పి మస్తాన్‌కి ఇచ్చింది. రెండోది మళ్ళీ మడిచి చంకలో పెట్టుకుంది. "ఇష్టం అన్నారు గదండీ. ఇష్టంతో ఇచ్చేవి నేను తీసుకోను" అంది. గొంతులో కోపం లేదు. మస్తాన్ బతిమాలాడు, నసీమా బతిమాలింది. ఒక్క బస్తా ఇంటికి వేయించుకుని వెళ్ళిపోయింది. ఆ ఒక్కటీ ఎన్నాళ్ళొస్తుందో మస్తాన్‌కి తెలుసు, నాకూ తెలుసు.

నేను నమ్మి చెప్పినది తప్పు కాదు. ఏ పుస్తకం తీసినా అదే ఉంటుంది. అయినా ఆ కళ్ళంలో నేను చేసిందేమిటో మస్తాన్ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక గానీ తెలియలేదు. ఒక్క మాటతో సగం బస్తాల్ని హక్కులోంచి తీసి దయలో పడేశాను. ఇన్నేళ్ళు ఖజానా అంటే ధనం దాచే చోటని, లెక్కలు చూసే చోటని చెప్తూ వచ్చాను. ఇచ్చేవాడి మొహం తీసుకునేవాడికి కనబడకుండా చేయడం దాని అసలు పనుల్లో ఒకటని నాకప్పుడు తోచింది. దివిసీమ చివర అలాంటి ఖజానా ఏదీ లేదు. ఖాసింబీ తన మనసులోనే ఒకటి కట్టుకుని, అందులోంచి తీసుకుంటూ వచ్చింది.

ఆమె ఇల్లు

దీపాలు పెట్టే వేళకి నసీమాని తోడు తీసుకుని ఖాసింబీ ఇంటికి వెళ్ళాను. రేకుల ఇల్లు, ముందు చిన్న అరుగు. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి టీ పెట్టింది. వద్దంటే వినలేదు. నేను ఎలాగైనా సర్దిచెప్పాలని కొత్త వాదం మొదలుపెట్టాను. కాలవ తడి ఒకటి వచ్చింది కదా, పూర్తిగా తోడిన పంట అని ఎలా అంటాం, ఇందులో పెద్దల మధ్య రకరకాల అభిప్రాయాలున్నాయి అన్నాను.

ఆమె శ్రద్ధగా విని, "రెండూ కలిస్తే ఏది చూడాలంటారండీ?" అంది.

"ఏది ఎక్కువైతే అది."

"ఏది ఎక్కువండీ ఈ ఏడు?"

అబద్ధం ఆడటానికి నాకు నోరు రాలేదు. తోడిందే అన్నాను. నసీమా నా వైపు చూసింది, ఆడితే ఏం పోయిందన్నట్టు.

"మీరు సరిగ్గానే చెప్పారండి. మీ మీద నాకేం లేదు" అంది ఖాసింబీ. గ్లాసులు తీసుకెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "ఇంతకుముందు కూడా ఇంజను పెట్టిన ఏళ్ళు ఉన్నయ్యండి. ఆ ఏళ్ళల్లో నాది కానిది ఎంత తిన్నానా అని చూస్తన్నా."

అలా కాదు, తెలియక తీసుకున్నది తప్పు కాదు, ఇచ్చినవాడు జకాత్ అనే ఇచ్చాడు, నీకు అందులో పాపం లేదు అని చాలా చెప్పాను. నేను ఇంత సరైన మాటలు ఎప్పుడూ చెప్పి ఉండను. ఆమె మర్యాద కోసం తల ఊపింది. బందరులో తలలూపినవాళ్ళని చూసి పొంగిపోయినదాన్ని, ఈ తల ఊపడం చూడలేకపోయాను. ఇన్నేళ్ళు తృప్తిగా తిన్న అన్నం కూడా ఆమె దగ్గర్నుంచి లాగేసుకున్నాను.

తిరుగు ప్రయాణం

పొద్దున్నే మస్తాన్ రెండో బస్తాని భుజాన వేసుకెళ్ళి ఖాసింబీ అరుగు మీద పెట్టి వచ్చాడు. "ఉష్ర్ అని పక్కన పెట్టింది మళ్ళీ నా ఇంట్లోకి ఎట్టా తెచ్చుకుంటానక్కా. అక్కడే ఉంటే ఎప్పటికో మనసు మారుద్ది" అన్నాడు. తగ్గింపు మాట మళ్ళీ ఎత్తలేదు. మేం ఆటో కోసం నిలబడ్డప్పుడు ఖాసింబీ ఇంకో నలుగురు ఆడవాళ్ళతో రొయ్యల షెడ్డు బండి ఎక్కుతోంది. ఐసులో పెట్టిన రొయ్యల తలలు వలిచే పని. ఆ వయసులో ఆ చేతులతో ఎలా చేస్తుందని నసీమా తనలో తను అనుకుంది. మమ్మల్ని చూసి ఖాసింబీ చెయ్యెత్తి, "వెళ్ళి రండమ్మా" అంది. మామూలుగానే అంది.

అవనిగడ్డలో కాలవ గట్టు మీద అమ్మే తాటి తేగలు కొనుక్కుని తినకుండానే బెజవాడ దాకా తీసుకెళ్ళాను. కదిరికొచ్చాక మూడు చోట్ల నుంచి ఉపన్యాసానికి పిలిచారు. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

తర్వాత వాయుగుండం పట్టిందని, కృష్ణా జిల్లాలో వానలని టీవీలో చూసి నసీమాకి ఫోన్ చేశాను. మస్తాన్ కళ్ళంలో ఇంకా ఇల్లు చేరని బస్తాలుంటే పట్టలు కప్పి కాపాడుకున్నాడట. అందరూ ఎవరి వడ్లు వాళ్ళు లోపల వేసుకునే హడావిడిలో ఉన్నారట. ఖాసింబీ రోజూ షెడ్డుకి వెళ్తోందట, చేతులకి గుడ్డలు చుట్టుకుని.

"మరి ఆ అరుగు మీది బస్తా?" అని అడిగాను.

"తడిసిపోయిందే. గోతాంలోంచి మొలకలొచ్చాయి" అంది.

నాకు కోపం వచ్చింది. అంత వానలో ఒక్కరూ చూడలేదా, ఖాసింబీ కాకపోతే మస్తాన్, మస్తాన్ కాకపోతే పక్కింటివాళ్ళు, ఎవరో ఒకరు దాన్ని గుమ్మం లోపలికి జరపలేకపోయారా అని అరిచినంత పని చేశాను.

నన్ను అరవనిచ్చి నసీమా అంది, "ఎవరిదని జరుపుతారే?"